సేనాని క్లాస్: ఆజ్ఞ ఇవ్వాలా, అవకాశం ఇవ్వాలా?

ప్రశ్న
పాచికలతో పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలకు సరిపోయేలా, మంత్రాలు లేకుండా తోటివారి చేత పోరాడించే ‘సేనాని’ క్లాస్ (పాత్ర రకం) ఒకటి తయారు చేస్తున్నాను. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లోని వార్‌లార్డ్ దీనికి మూలం. సేనాని తన దాడిని వదులుకుంటే, తోటివారిలో ఒకరు తమ రియాక్షన్ (రౌండుకు ఒకసారి, ఇతరుల టర్నులో కూడా చేయగల చర్య) వాడుకొని వెంటనే ఒక దాడి చేయవచ్చు. దీనికి పరిమితి ఏదీ పెట్టలేదు. ఆడి చూస్తే రెండు చిక్కులు వచ్చాయి. ఆజ్ఞ ప్రతిసారీ రోగ్‌కే (చాటుగా దెబ్బతీసే పాత్రకే) పోతోంది. పైగా సేనానిగా ఆడే మిత్రుడు అందరి టర్నులూ తానే ఆడుతున్నాడని మిగతావారు నొచ్చుకుంటున్నారు. నియమాలు మార్చితే ఇవి తీరుతాయా?

జవాబు 1
మొదటి చిక్కు లెక్కలోనే ఉంది. స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకు కలిసే అదనపు నష్టం) రౌండుకు, అంటే అందరి టర్నులూ ఒక చుట్టు పూర్తయ్యేలోగా, ఒకసారి కాదు, టర్నుకు ఒకసారి; కాబట్టి సేనాని టర్నులో రియాక్షన్‌తో కొట్టే రోగ్‌కు, షరతులు కుదిరితే, అదే రౌండులో అది రెండోసారి దక్కుతుంది. ఇద్దరికీ సామర్థ్య బోనస్ 4 అనుకుంటే, ఐదో లెవెల్ రోగ్ రేపియర్ దెబ్బకు సగటున 19 నష్టం వస్తుంది, అందులో 10.5 స్నీక్ అటాక్‌దే. ఫైటర్ గ్రేట్‌స్వోర్డ్ దెబ్బకు 11 మాత్రమే. ఫైటర్‌లో ఒక రకమైన బ్యాటిల్ మాస్టర్‌కూ ఇలాంటి విద్యే ఉంది కానీ, 2014 నాటి నియమాల్లో దానికి బోనస్ యాక్షన్‌తో (టర్నులో దక్కే అదనపు చిన్న చర్యతో) పాటు ఒక సుపీరియారిటీ డై (విద్యలకు ఖర్చు చేసే ప్రత్యేక పాచిక) కూడా ఖర్చవుతుంది. మూడో లెవెల్‌లో ఆ పాచికలు ఉండేవి నాలుగే, అవి విశ్రాంతి తీసుకుంటే గాని తిరిగి రావు. మీ సేనానికి ఆ ఖర్చేదీ లేదు. ఆజ్ఞ మీద చేసే దాడికి స్నీక్ అటాక్ వర్తించదని రాసేయండి.

జవాబు 2
పై సలహాతో నేను ఏకీభవించను. రోగ్ ఆటగాడికి అన్నిటికన్నా ఇష్టమైన పాచికలను లాక్కోవడం కన్నా, ఒకే వ్యక్తికి వరుసగా రెండు రౌండ్లు ఆజ్ఞ ఇవ్వరాదంటే, సేనాని మిగతావారి వైపు కూడా చూడక తప్పదు.

రెండో చిక్కు నిజానికి పెద్దది. ‘నువ్వు వాణ్ణి కొట్టు’ అని సేనాని చెప్పినంతకాలం ఆట ఒకరి చేతిలోనే ఉంటుంది. దానికి బదులు సేనాని ఒక శత్రువును గుర్తుపెట్టి ఊరుకోవాలి. తన తర్వాతి టర్ను వచ్చేలోగా ఆ శత్రువును మొదట కొట్టినవారు, అదనపు నష్టం కలుపుకోవాలో, అవకాశ దాడికి (పక్కనుంచి తప్పుకుంటున్నప్పుడు శత్రువు కొట్టే దెబ్బకు) చిక్కకుండా సగం వేగంతో జరగాలో తామే తేల్చుకోవాలి. దారి చూపేది సేనాని, అడుగు వేసేది ఎదుటివారు. (పేరు కూడా ‘సారథి’ అయితే బాగుండేది, సేనాని అనగానే పెత్తనం వినిపిస్తోంది.)

అడగకపోయినా ఒక మాట: ధైర్యవచనానికి (సేనాని మాటతో తోటివారికి బలమిచ్చే విద్యకు) తాత్కాలిక హిట్ పాయింట్లు (ప్రాణబలం) మాత్రమే ఇస్తే, సున్నాకు పడిపోయినవారు వాటితో లేవరు. మీ జట్టులో గాయాలు మాన్పే క్లెరిక్ లేకపోతే ఇది ముందే తేల్చుకోండి.

అడిగినవారు
క్లెరిక్ లేరు, కాబట్టి ధైర్యవచనానికి తాత్కాలికమైనవి కాక నిజమైన హిట్ పాయింట్లే ఇచ్చి, విశ్రాంతికి రెండుసార్లని హద్దు పెడతాను. గుర్తు పద్ధతిని వచ్చే ఆటలోనే పరీక్షిస్తాను. స్నీక్ అటాక్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లను.