డిస్నీ వరల్డ్ ఉన్న చోట భవనం తనిఖీ ఎవరిది, రైడ్ తనిఖీ ఎవరిది?

పునాది_రాయి:
ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ ఉన్న స్థలానికి కౌంటీ బిల్డింగ్ కోడ్ వర్తించదని, అక్కడి డిస్ట్రిక్ట్ సొంత కోడ్ రాసుకుందని చదివాను. అలాగైతే ఒక రోలర్ కోస్టర్ కడితే దాని ప్లాన్ ఎవరు చూస్తారు? రైడ్ బండిని, లాప్ బార్‌ను (ఒడి మీదికి దిగి మనిషిని సీట్లో పట్టి ఉంచే కడ్డీ) ఎవరు పరీక్షిస్తారు? 2023లో డిస్ట్రిక్ట్ పేరు, బోర్డు మారాక ఈ తనిఖీల్లో ఏమైనా తేడా వచ్చిందా? ఇంకొకటి, చీకట్లో నడిచే షో భవనాలు అగ్నిమాపక పరీక్షలో ఎక్కువగా ఎక్కడ ఫెయిలవుతాయి?

నక్షా_నుంచి_నేల:
ముందు ఒక మాట. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మనం అనుకునే జిల్లా కాదు. 1967లో ఫ్లోరిడా శాసనసభ చట్టం చేసి ఏర్పాటు చేసిన ప్రత్యేక పాలనా విభాగం. దాని పాత పేరు రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. ఆరెంజ్, ఆసియోలా కౌంటీల్లో సుమారు 25 వేల ఎకరాలు దాని కింద ఉంటాయి. 2023 దాకా బోర్డు ఎన్నికలో ఎకరానికి ఒక ఓటు ఉండేది, కాబట్టి ఎక్కువ భూమి ఉన్న డిస్నీదే మాటగా ఉండేది. మిగతా ఫ్లోరిడాలో కౌంటీయో నగరమో రాష్ట్రవ్యాప్త కోడ్‌ను అమలు చేస్తుంది (ఆ కోడ్ 2002 మార్చి 1 నుంచి ఉంది). ఇక్కడ మాత్రం డిస్ట్రిక్ట్‌కు సొంత బిల్డింగ్ విభాగం, సొంత ఫైర్ విభాగం, ఎప్‌కాట్ బిల్డింగ్ కోడ్ అనే సొంత కోడ్ ఉన్నాయి.

అయితే కోస్టర్ మొత్తాన్నీ ఆ కోడ్ కింద చూడరు. పునాది, స్టేషన్ ప్లాట్‌ఫాం, క్యూ దారి, మెట్లు, బయటికి వెళ్లే ద్వారాలు, స్ప్రింక్లర్లు, భవనం కరెంటు, ఇవి బిల్డింగ్ విభాగం పని. బండి, లాప్ బార్, బ్రేకులు, కంట్రోల్ లాజిక్ రైడ్ వైపువి. వాటి డిజైన్‌కు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ఎఫ్2291, తయారీ నాణ్యతకు ఎఫ్1193, నడపడానికీ మరమ్మతుకూ ఎఫ్770 చూస్తారు.

చిక్కు వచ్చేది ఈ రెండూ కలిసే చోట, అంటే ట్రాక్ స్తంభం కింద బేస్ ప్లేట్ దగ్గర. తయారీదారు ప్రతి స్తంభానికీ ఎంత లోడు వస్తుందో పట్టిక ఇస్తాడు, పునాది ఇంజినీరు దాన్ని తీసుకుని లెక్క కడతాడు. పట్టికలో జడ్ అక్షం (నిలువు దిశ) పైకి ఉందా కిందికి ఉందా అని అడగకుండా లెక్క కడితే, పైకి లాగే బలం కిందికి నొక్కే బలంగా మారిపోతుంది. యాంకర్ బోల్టు (ప్లేటును పునాదికి పట్టి ఉంచే బోల్టు) సైజు తప్పడానికి ఇదొక కారణం. ఎమర్జెన్సీ బ్రేక్ పడినప్పటి అడ్డలోడు వేరే వరుసలో ఉందో లేదో కూడా అడిగి తీసుకోవాలి.

కాంక్రీటు పోసే ముందు స్టీల్ టెంప్లేట్‌తో బోల్టుల స్థానాలు సర్వే చేయించండి. పోశాక కొలిస్తే లాభం లేదు, ప్లేటు రంధ్రాలు పెద్దవి చేయడం తప్ప దారి ఉండదు, దాన్ని తయారీదారు ఒప్పుకోడు. గ్రౌట్‌ను (ప్లేటు కింది ఖాళీని నింపే పల్చటి సిమెంటు మిశ్రమం) ఒకవైపు నుంచే పోయండి, ఎదుటి అంచు నుంచి బయటికి వచ్చే దాకా ఆపొద్దు. రెండు వైపుల నుంచీ పోస్తే మధ్యలో గాలి చిక్కుకుని గుల్ల మిగులుతుంది. సుత్తితో ప్లేటు మీద తట్టితే ఆ చోట డొల్ల శబ్దం వస్తుంది. బండి వెళ్లిన ప్రతిసారీ ప్లేటు కొద్దిగా ఆడి, బోల్టు బిగువు తగ్గుతుంది. ఆ తర్వాత గ్రౌట్ అంచుల్లో వెంట్రుక మందం పగుళ్లు కనిపిస్తాయి. అవి కనిపించాక బోల్టు బిగించి ఊరుకుంటే మళ్లీ వదులవుతుంది, గ్రౌట్ తీసి మళ్లీ పోయాల్సిందే.

లాక్_చెక్:
రైడ్ వైపు సంగతి నేను చెబుతాను. ఫ్లోరిడాలో రైడ్ల తనిఖీ రాష్ట్ర వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖది, ఫ్లోరిడా చట్టం 616.242 సెక్షన్ కింద. కానీ కనీసం 1,000 మంది పూర్తికాల ఉద్యోగులు, సొంతంగా పూర్తికాల సేఫ్టీ ఇన్‌స్పెక్టర్లు ఉన్న శాశ్వత పార్కులకు మినహాయింపు ఉంది. డిస్నీ, యూనివర్సల్, సీవరల్డ్ ఆ కోవలోవే. కాబట్టి లాప్ బార్‌ను చూసేది డిస్ట్రిక్ట్ కాదు, రాష్ట్రమూ కాదు, పార్కు సొంత మనుషులే. మినహాయింపు ఉన్న పార్కులు కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిన గాయాలను మూడు నెలలకోసారి రాష్ట్రానికి చెబుతాయి. ఫెడరల్ వినియోగదారుల భద్రతా కమిషన్‌కు కూడా స్థిరంగా ఒకే చోట ఉండే రైడ్ల మీద 1981 నుంచి అధికారం లేదు.

రాష్ట్ర పర్మిట్ ఉంటే చాలు అనుకోకండి. 2022 మార్చి 24న ఆర్లాండోలో ఒక అబ్బాయి ప్రాణం పోయిన ఫ్రీఫాల్ టవర్‌కు మినహాయింపు లేదు, రాష్ట్ర పర్మిట్ ఉన్న రైడే అది. రాష్ట్రం చేయించిన దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఆ సీటు ప్రాక్సిమిటీ సెన్సర్‌ను, అంటే భుజాల మీదికి దిగే హార్నెస్ ఎంత దగ్గరికి వచ్చిందో పసిగట్టే పరికరాన్ని, చేత్తో సర్దారు. దాంతో హార్నెస్‌కూ సీటుకూ మధ్య ఖాళీ మామూలుకు దాదాపు రెట్టింపు ఉన్నా లాక్ అయిందనే సిగ్నల్ వెళ్లింది. బల్బు వెలిగిందా లేదా చూసే తనిఖీకి ఇది దొరకదు. హార్నెస్‌ను మెల్లగా దించుతూ లాక్ సిగ్నల్ వచ్చిన చోటే ఆపి, ఖాళీని స్కేలుతో కొలిచి తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చాలి, ప్రతి సీటుకీ. సెన్సర్ బ్రాకెట్ నట్టు మీద రంగుగీత గీసి ఉంచితే, ఎవరైనా కదిపితే ఆ గీత తప్పి కనిపిస్తుంది.

బీమ్_స్విచ్:
2023లో ఏం మారిందని అడిగారు కదా. ఫిబ్రవరి 27న గవర్నర్ సంతకంతో బోర్డు ఐదుగురినీ గవర్నరే నియమించేలా చట్టం మారింది, పేరు సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అయింది. ఎప్‌కాట్ కోడ్ మాత్రం అలాగే ఉంది. తనిఖీల్లో నిజంగా మారింది మోనోరైలు. అంతకు ముందు పార్కే చూసుకునేది, అదే ఏడాది చేసిన మరో చట్టంతో అది రాష్ట్ర రవాణా శాఖ పరిధిలోకి వచ్చింది.

అది అవసరమే అని నా అభిప్రాయం. 2009 జులై 5న వెనక్కి వస్తున్న మోనోరైలు ఇంకో మోనోరైలును గుద్ది పైలట్ చనిపోయినప్పుడు, ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాలను దర్యాప్తు చేసే ఫెడరల్ రవాణా భద్రతా బోర్డు) చెప్పిన కారణం చాలా మామూలుది. స్విచ్ బీమ్‌ను (రైలును వేరే దారికి మళ్లించే కదిలే ట్రాక్ ముక్క) జరపాల్సిన వ్యక్తి జరపలేదు, వెనక్కి రావడానికి అనుమతిచ్చిన మేనేజరు అది జరిగిందో లేదో చూడలేదు. రైలును వెనక్కి నడపడానికి సరైన రాతపూర్వక పద్ధతి లేకపోవడాన్నీ ఎన్‌టీఎస్‌బీ ఎత్తి చూపింది. ఇలాంటి చోట మనిషి మాట మీద ఆధారపడకూడదు, బీమ్ స్థానాన్ని ఇంటర్‌లాక్ నిర్ధారించాకే కరెంటు వెళ్లాలి.

ధూమం_డిటెక్టర్:
చీకటి భవనాల ప్రశ్న నాకు వదిలారు. నేను చెప్పేది ఐబీసీ (ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్) 411 సెక్షన్ లెక్క. 1984 మే 11న న్యూజెర్సీలో ఒక హాంటెడ్ కాసిల్ కాలి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయాక ఇలాంటి భవనాలను విడిగా చూడటం మొదలైంది. స్ప్రింక్లర్లు తప్పనిసరి. ఒక డిటెక్టర్ మోగితే ఎప్పుడూ మనిషి ఉండే గదిలో అలారం రావాలి. రెండోది మోగగానే, లేదా స్ప్రింక్లర్ పని చేయగానే, దారి నేల మీద కనీసం 11 లక్స్ వెలుతురు రావాలి, షో శబ్దాలు, మెరుపులు ఆగాలి, బయటికి దారి గుర్తులు వెలగాలి, రికార్డు చేసిన సూచన వినిపించాలి.

పరీక్ష ఖాళీ భవనంలో, షో ఆపి చేస్తే అన్నీ పాసవుతాయి. షో మొత్తం నడుస్తుండగా చేయండి. ఎక్కువ ఫెయిలయ్యేది శబ్దమే: 'ఆపు' అనే ఆదేశం నెట్‌వర్క్ ద్వారా షో కంట్రోలర్‌కు వెళ్తుంది, అది స్తంభించిపోతే సంగీతం ఆగదు. ఆంప్లిఫైయర్ మ్యూట్‌కు నేరుగా వైరుతో రిలే పెట్టండి, వైరు తెగినా మ్యూట్ అయ్యేలా. లక్స్ మీటరును నడుం ఎత్తులో కాదు, నేల మీద పెట్టి ప్రతి మలుపులో కొలవండి. షో డిమ్మర్ సున్నాలో ఉండిపోతే ఆ లైట్లు వెలగవు, వాటికి బైపాస్ రిలే కావాలి.

ఇంకా సీజన్ మార్చినప్పుడు కొత్త సెట్ పెడతారు. స్ప్రింక్లర్ కింద 18 అంగుళాల ఖాళీ తగ్గిందా, నాలుగడుగుల కంటే వెడల్పైన పందిరి కింద విడిగా స్ప్రింక్లర్ ఉందా అని చూడరు. మంటను ఆపే పూత ఉన్న గుడ్డకు మళ్లీ రంగు వేస్తే పాత సర్టిఫికెట్ చెల్లదు.

పునాది_రాయి:
చాలా ఉపయోగపడిందండీ. ఒక్క సందేహం. ఫాగ్ మెషీన్ వల్ల డిటెక్టర్లు ఊరికే మోగుతాయి కదా, షో సమయంలో వాటిని ఆపేస్తారా?

ధూమం_డిటెక్టర్:
ఆపకూడదండీ. ఫాగ్ ఉండే గదిలో మరో రకం డిటెక్టర్ పెట్టడానికి కోడే అనుమతిస్తుంది, దానికి అధికారి ఆమోదం ఉండాలి. ఎక్కువగా వేడిని పట్టే కేబుల్ వాడతారు. పక్క గదుల్లోకి ఫాగ్ పాకకుండా ఎగ్జాస్ట్ సర్దితే, అక్కడి స్మోక్ డిటెక్టర్లను అలాగే ఉంచుకోవచ్చు. బైపాస్ స్విచ్ పెడితే ఏదో ఒక రాత్రి అది ఆన్‌లోనే మిగిలిపోతుంది.