ఆముదిబ్బా, వాముదిబ్బా?

రమణ: పాత కమతాల్లో బావి పక్క ఎర్రదిబ్బను కొందరు ఆముదిబ్బ అంటారు, కొందరు వాముదిబ్బ. “కుమ్మరి ఆములో ఇత్తడి చెంబు...” అని ఓ సామెత సగమే గుర్తుంది. అందులో ఆమా, వామా?

సుభద్ర: ఆము అనే. అంటే కుండలూ ఇటుకలూ కాల్చే బట్టీ. సంస్కృత ఆపాకం ఆవమై, ఆపైన ఆమైంది. వకారం నోటి జారుడు.

శేషు: జారుడు కాదండీ. కుమ్మరి, ఆము కలిస్తే యడాగమం వచ్చి, అంటే నడుమ యకారం చేరి, కుమ్మరియాము కావాలి. వకారం ఎక్కడిది? ఇది గడ్డివామిలోని వామి, పేర్చినది. పచ్చి ఇటుకను వారం పది రోజులు ఆరబెట్టి, అడుగున నిప్పు పెట్టే సందులు, అంటే మంటకళ్లు, వదిలి, వేలు దూరేంత సందుతో నిలువుగా పేర్చి, ఊక పోసి, పైన బురద మెత్తుతారు. ఆ పేర్పే వామి.

సుభద్ర: పేర్చగానే సరా, కాలాలి కదా! దిబ్బ తవ్వి చూడండి. మంటకళ్ల కింద నేల ఎర్రగా కాలి గట్టిపడి ఉంటుంది, దానిమీద బూడిద పొర. మంటకు దగ్గరున్న ఇటుకలు కరిగి అతుక్కుని నల్ల చిట్టెమవుతాయి. అంచులవి సరిగా కాలక వానకు మట్టిలో కలిసిపోతాయి. పక్కనే మట్టి తీసిన గుంట. గడ్డివామి కింద ఇవన్నీ ఎక్కడివి?

వెంకట్: గుంట ఒక్కటే చూసి నమ్మొద్దు. నల్లరేగడి ఆరేటప్పుడు బీటలిస్తుంది, ఇసుకో బూడిదో కలపందే ఇటుక నిలవదు. మట్టిలో సున్నపురాతి పలుకులు ఏరకపోతే ఇంకా చేటు. కాలి సున్నమై, తర్వాత తడి తగిలి ఉబ్బి ఇటుకను పగలగొడతాయి. ఇటుక ముఖాన చిన్న గుంట, నడుమ తెల్లచుక్క ఉంటే అదే. శ్రీనాథుడిదంటున్న చాటువులో పల్నాడంతా “నాగులేటి నీళ్లు నాపరాళ్లు”. రాయి చేతికందే చోట ఈ తిప్పలెవరు పడతారు?

శేషు: ఆ పద్యం చివర పలనాటి సీమ కదా?

సుభద్ర: పల్లెనాటి. ఆటవెలది సరిపాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే గురువు మీద లఘువు గానీ, మూడు లఘువులు గానీ. పల్లె, నాటి, సీమ, పల్లె, టూళ్లు. “పలనా” అంటే రెండు లఘువుల మీద గురువు పడి గణం చెడుతుంది. “పల్నా” అన్నా రెండు గురువులే. ఎంత తేలిగ్గా నడిచే పాదమో, ఒక్క ద్విత్వం తీస్తే కుంటుతుంది.

శేషు: గణం సంగతి ఒప్పుకుంటాను. వామి మాత్రం వదలను.

వెంకట్: దిబ్బలో దొరికిన ఇటుకను ముందు కొలవండి. 9×4½×3 అంగుళాలకు అటూఇటూ అయితే ఈమధ్య కాలపు అచ్చు. 20×10×3 దగ్గరికి వస్తే పార ఆపి పురావస్తు శాఖకు చెప్పాలి. నాగార్జునకొండలో, క్రీ.శ. మూడో శతాబ్దంలో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు ఇటుక కొలత అది.