దర్గాహొన్నూరు ఇసుక దిబ్బలు చూశాక ఒక సందేహం: అనంతపురం ఎడారేనా?

ప్రశ్న:
మాది అమలాపురం. ఉద్యోగం మీద అనంతపురం వచ్చి మూడు నెలలైంది. మొన్న ఆదివారం బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వెళ్తే అక్కడ నిజంగా ఇసుక దిబ్బలే! ఫోటో పంపితే మా అమ్మ "రాజస్థాన్ ఎప్పుడు వెళ్లావురా?" అని అడిగింది. ఈ జిల్లాను అర్ధశుష్క ప్రాంతం అంటారు కదా, మరి ఎడారికి దీనికి తేడా ఎక్కడ?

జవాబు (కళ్యాణదుర్గం రైతు):
తమ్ముడూ, ఆ దిబ్బలు ఏటి ఇసుక. పక్కనే వేదవతి, మేము హగరి అంటాం. ఏరు ఎండితే ఆషాఢం గాలి ఆ ఇసుకను ఎత్తి చేలల్లో పోస్తుంది.

ఎడారి అవునా కాదా అన్నది వానను బట్టి, ఎండకూ గాలికీ ఆవిరైపోగల నీటిని బట్టి తేలుస్తారు. ఆ ఆవిరైపోగల నీటిలో ఐదో వంతు కూడా వాన పడకపోతే ఎడారి లెక్క. ఐదో వంతు నుంచి సగం దాకా పడితే అర్ధశుష్కం. మాకు ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూ. జైసల్మేర్‌లో 200 అటూ ఇటూ. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, తూర్పు సముద్రమేమో దూరం. అందుకే మాకింతే.

కానీ మమ్మల్ని ముంచేది వాన వచ్చే తీరు. ఒక ఏడు జూన్ ఆఖర్లో మంచి పదునైంది, అంటే విత్తడానికి సరిపడా నేల తడిసింది. నాలుగెకరాల్లో బుడ్డలు, అదే వేరుశనగ, వేశాం. సరిగ్గా ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) దిగే టైంకి 32 రోజులు చినుకు లేదు. చెట్టు పీకి చూస్తే, గట్టిపడిన ఎర్రనేలలోకి దిగలేక ఊడలు సూదుల్లా పైనే ఎండి ఉన్నాయి. సెప్టెంబర్‌లో రెండు రోజులు కుండపోత. ఏడాది లెక్క తీస్తే వాన మామూలే!

జవాబు (మాజీ సైనికుడు):
జైసల్మేర్ దగ్గర నాలుగేళ్లు ఉన్నాను. అక్కడా అంతా ఇసుక కాదు, రాతినేల చాలా ఉంది. ఆ రాతినేల మీద పారే వాన నీటిని కట్ట వేసి పల్లంలో ఆపుతారు, ఖడీన్ అంటారు. నీళ్లు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ పండిస్తారు. చూస్తే ఆశ్చర్యమేసింది.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అన్నా, విత్తనం వేసేటప్పుడు మీ చేను చూడ్డానికి రావచ్చా?

కళ్యాణదుర్గం రైతు:
తప్పకుండా రా. ఈసారి బుడ్డలు తగ్గించి కంది, కొర్ర వేస్తున్నాం. పదునైన రోజు ఇక్కడే మెసేజ్ పెడతా. మర్నాడే బయల్దేరాలి, మా ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు.