రాడ్ లాంగ్‌వేకు దక్కిన రెండు నోరిస్ బహుమతులు న్యాయమైనవేనా?

పొటోమాక్ తీరం:

సభ్యులందరికీ నమస్కారం. ఉత్తర వర్జీనియాలో స్థిరపడిన తరువాత మా ఇంట్లో అందరికీ వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు ఐస్ హాకీ ఆటలు చూడడం అలవాటైంది. మొన్న ఆటకు వెళ్ళినప్పుడు పైకప్పు కింద రాడ్ లాంగ్‌వే గౌరవార్థం వేలాడుతున్న 5వ నంబరు పతాకాన్ని చూసి, ఆయన ఎన్ని గోల్స్ వేశాడని మా అబ్బాయి అడిగాడు. రాడ్ లాంగ్‌వే 994 ఆటల్లో 51 గోల్స్ వేశాడని చెప్పాను. ఇదే జట్టు ఆటగాడు ఒవెచ్కిన్ ఒక్క సీజనులోనే 65 వేశాడు కదా, మరి ఈయన నంబరు ఎందుకు పైన కట్టారని వాడు మళ్ళీ అడిగాడు. ఆయన పని గోల్స్ వేయడం కాదని, ఎదుటివారిని వేయనివ్వకపోవడమని చెప్పగలిగాను గాని, ఆ రాత్రి పాత లెక్కలు తిరగేసినప్పుడు నాకే సందేహం మొదలైంది.

నేషనల్ హాకీ లీగులో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు (రక్షణ స్థానపు ఆటగాడికి) ఇచ్చే నోరిస్ ట్రోఫీ 1983, 1984 సంవత్సరాలలో వరుసగా లాంగ్‌వేకే దక్కింది. అమెరికా ఆటగాళ్ళలో ఆ బహుమతి అందుకున్న మొదటివాడు అతడే. అయితే మొదటి సీజనులో అతడు సాధించినవి 3 గోల్స్, 29 అసిస్టులు (తోటివారి గోల్స్‌కు అందించిన పాస్‌లు) కలిపి 32 పాయింట్లు, రెండవ సీజనులో 33 పాయింట్లు మాత్రమే. అదే రెండవ సీజనులో ఎడ్మంటన్ ఆయిలర్స్ డిఫెన్స్‌మన్ పాల్ కాఫీ 40 గోల్స్, 86 అసిస్టులతో 126 పాయింట్లు సాధించాడు. ఇంత తేడా ఉన్నప్పుడు ఓటు వేసిన హాకీ విలేకరులు లాంగ్‌వే వైపు మొగ్గడం సబబేనా? ఈ ఆటను చాలాకాలంగా గమనిస్తున్నవారి అభిప్రాయం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

లెక్కల పుస్తకం:

మీ సందేహం సరైనదే. నోరిస్ ట్రోఫీ నిబంధనను మనం మరచిపోకూడదు. సీజను పొడవునా ఆ స్థానంలో అత్యుత్తమమైన సర్వతోముఖ సామర్థ్యం చూపిన డిఫెన్స్‌మన్‌కు అది ఇవ్వాలని నిబంధన చెబుతోంది. సర్వతోముఖం అన్న మాటకు అర్థం ఉండాలంటే, గోలు కాపాడడంతో పాటు పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళను) ముందుకు తీసుకువెళ్ళి గోలు సృష్టించే శక్తిని కూడా తూచాలి. 1968 నుంచి 1975 దాకా వరుసగా 8 సార్లు ఈ బహుమతి గెలిచిన బాబీ ఓర్ ఆ రెండు పనులూ చేశాడు. ఆ తరువాత దీన్ని గెలిచిన డెనిస్ పోట్విన్, లారీ రాబిన్సన్ కూడా అంతే. లాంగ్‌వేకు సరిగ్గా ముందు గెలిచిన రాండీ కార్లైల్ 83 పాయింట్లు, డగ్ విల్సన్ 85 పాయింట్లు సాధించారు. ఆ వరుసలో హఠాత్తుగా 32 పాయింట్ల ఆటగాడు రావడం ఒక కొలమానాన్ని పక్కకు పెట్టి మరొకదాన్ని పట్టుకోవడమే. 1984 తరువాత నేటిదాకా 35 పాయింట్లకు తక్కువ సాధించిన డిఫెన్స్‌మన్ ఎవరికీ నోరిస్ దక్కలేదు. కాబట్టి అంతకుముందూ, ఆ తరువాతా విలేకరులు పాటించిన ప్రమాణానికి ఆ రెండు సంవత్సరాలే మినహాయింపు అయ్యాయి.

నాకు లాంగ్‌వే ఆట మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. అతడు గొప్ప రక్షకుడన్న విషయంలో వివాదం లేదు. ఆ బహుమతి దేనికోసం పెట్టారన్నదే వివాదం.

నీలిగీత:

లెక్కల పుస్తకం గారు పాయింట్లు చూపించారు. నేను గోల్స్ లెక్కనే మరో వైపు నుంచి చూపించదలచుకున్నాను. 1974లో లీగులో చేరిన వాషింగ్టన్ జట్టు తొలి 8 సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు (కప్పు కోసం సీజను చివర జరిగే పోటీలకు) చేరలేదు. 1982 వేసవిలో యజమాని ఏబ్ పోలిన్ జట్టును అక్కడ కొనసాగించాలా వద్దా అని ఆలోచించే స్థితికి రావడంతో, జట్టును నిలుపుకోవడానికి అభిమానులు టికెట్లు అమ్మే ఉద్యమమే నడిపారు. ఆ సెప్టెంబరులో, కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ డేవిడ్ పోయల్ తన జట్టు కెప్టెన్ రయన్ వాల్టర్‌ను, 1976 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) అందరికన్నా ముందు ఎంపికైన రిక్ గ్రీన్‌ను కెనడా జట్టు మాంట్రియల్‌కు ఇచ్చి, లాంగ్‌వేతో పాటు బ్రయన్ ఎంగ్‌బ్లమ్, డగ్ జార్విస్, క్రెయిగ్ లాఫ్లిన్‌లను తెచ్చుకున్నాడు.

అంతకు ముందు సీజనులో వాషింగ్టన్ 80 ఆటల్లో 338 గోల్స్ సమర్పించుకుంది. లాంగ్‌వే వచ్చిన మొదటి ఏడాది ఆ సంఖ్య 283కు, రెండవ ఏడాది 226కు దిగింది. ఆ 226 లీగు మొత్తంలో అతి తక్కువ. రెండు జట్లూ కలిపి ఆటకు సుమారు 8 గోల్స్ పడుతున్న కాలమది, అంటే గోల్స్ వరదలా ప్రవహించిన కాలం. అటువంటి కాలంలో ఆటకు 3 గోల్స్ కన్నా తక్కువకు ప్రత్యర్థిని ఆపడం ఎంత కష్టమో ఊహించండి. స్టాండింగ్స్‌లో, అంటే లీగు పట్టికలో, జట్టు పాయింట్లు 65 నుంచి 94కు, ఆ తరువాత 101కి పెరిగాయి. కాఫీ ఆడిన ఎడ్మంటన్ 1983-84లో 446 గోల్స్ వేసి, లీగు విజేతకు దక్కే స్టాన్లీ కప్ గెలిచిన మాట నిజమే. ఆ జట్టు 314 గోల్స్ ఇచ్చుకున్నదీ నిజమే. అది వాషింగ్టన్ కన్నా 88 ఎక్కువ. వేయించిన గోలుకు అసిస్టు రాసే పద్ధతి ఉంది గాని, పడకుండా ఆపిన గోలును ఎవరి ఖాతాలోనూ రాయరు. చెరువు గట్టు తెగకుండా రాత్రంతా కాపు కాసినవాడి పని తెల్లవారి చూస్తే ఏమీ జరగనట్టే కనిపిస్తుంది.

పైగా ఎవరు ఎంతసేపు మంచుపై ఉన్నారు, ఎన్ని షాట్లకు శరీరం అడ్డుపెట్టారు అన్న అధికారిక లెక్కలు 1990ల చివరి వరకు లేవు. అందువల్ల ఆనాటి పుస్తకంలో లాంగ్‌వే పనికి గడి అంటూ లేదు. ఆ పనిని చూడగలిగినవారు రోజూ ఆటకు వెళ్ళిన విలేకరులే. 6 అడుగుల 3 అంగుళాల మనిషి, హెల్మెట్ లేకుండా ఆడిన చివరి కొద్దిమందిలో ఒకడు, పొడవాటి చేతులతో కర్రను చాపి ప్రత్యర్థి ఫార్వర్డ్‌ను (గోలు వేయడానికి ముందుకు వచ్చే ఆటగాడిని) మైదానం మధ్యకు రానివ్వకుండా అంచు గోడ వైపు నెట్టేవాడు. 1984లో లీగు మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ ఓటింగులో, 205 పాయింట్లు సాధించిన వేన్ గ్రెట్జ్‌కీ తరువాత రెండవ స్థానం ఈ 33 పాయింట్ల ఆటగాడిదే. ఓటర్లందరూ ఒకేసారి పొరబడ్డారని నేను అనుకోలేను.

సెయింట్ లారెన్స్:

నేను మాంట్రియల్‌లో ఉంటాను. ఇక్కడి పెద్దవయసు అభిమానులకు ఆ మార్పిడి మీద ఇప్పటికీ బాధ ఉంది. ఒక చిన్న విషయం చేరుస్తాను. తండ్రి సైనికోద్యోగం వల్ల తైవాన్‌లో పుట్టి, మసాచుసెట్స్‌లోని రాండాల్ఫ్‌లో పెరిగి, న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఆడిన లాంగ్‌వే 1979లో మాంట్రియల్‌తో స్టాన్లీ కప్ గెలిచాడు. అయినా ఇక్కడి పన్నుల భారం వల్ల అమెరికా జట్టుకు పంపమని అతడే కోరాడు. కాని మాంట్రియల్ ఏమీ కూలిపోలేదు. ఇదే మార్పిడిలో వచ్చిన వాల్టర్, గ్రీన్ 1986లో కప్ గెలిచిన జట్టులో ఉన్నారు, వాషింగ్టన్‌కు లాంగ్‌వే కాలంలో కప్ రాలేదు. ఒక మనిషి ఒంటిచేత్తో జట్టు తలరాత మార్చాడని చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలని మనవి.

లెక్కల పుస్తకం:

సెయింట్ లారెన్స్ గారు చెప్పినది నా తరువాతి వాదనకు దారి ఇచ్చింది. నీలిగీత గారు 226 అన్న సంఖ్య మీద చాలా బరువు పెట్టారు. ఆ సంఖ్య ఎవరిది? 1984లో అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోల్‌కీపర్లకు ఇచ్చే జెన్నింగ్స్ ట్రోఫీ వాషింగ్టన్‌కు చెందిన ఆల్ జెన్సన్, ప్యాట్ రిగ్గిన్‌లకు వచ్చింది. రక్షణలో మెరుగైన ఫార్వర్డ్‌కు ఇచ్చే సెల్కీ ట్రోఫీ, లాంగ్‌వేతో పాటు మాంట్రియల్ నుంచి వచ్చిన జార్విస్‌కు వచ్చింది. ఉత్తమ శిక్షకుడికి ఇచ్చే జాక్ ఆడమ్స్ బహుమతి అదే జట్టు శిక్షకుడు బ్రయన్ ముర్రేకు వచ్చింది. ఆపైన నోరిస్ లాంగ్‌వేకు. 226 గోల్స్ అన్న ఒకే ఘనతకు ఒకే ఏడాది నాలుగు బహుమతులు పంచారు. ఆ గోల్‌కీపర్లు, ఆ సెంటర్ ఫార్వర్డ్, ఆ శిక్షకుడు అంత గొప్పవారైతే, వారితో పాటు ఉన్న డిఫెన్స్‌మన్ వాటా కొంత తగ్గాలి గదా. వీరితో పాటు 1982లోనే జట్టులో చేరిన 18 ఏళ్ళ స్కాట్ స్టీవెన్స్, 1983 అక్టోబరులో వచ్చిన లారీ మర్ఫీ కూడా ఉన్నారు. తరువాత వీరిద్దరూ హాకీ దిగ్గజాల గౌరవ పీఠమైన హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు.

అయినా నీలిగీత గారి వాదన చదివిన తరువాత కాఫీ విషయంలో నా పట్టు కొంత సడలించుకుంటున్నాను. 314 గోల్స్ ఇచ్చుకున్న జట్టులో, గ్రెట్జ్‌కీ పక్కన ఆడుతూ సాధించిన 126 పాయింట్లను అలాగే తీసుకోలేమన్నది ఒప్పుకోవలసినదే. 1984 బహుమతిని నేను ఇక తప్పుపట్టను.

పొటోమాక్ తీరం:

ఇంత ఓపికగా వివరిస్తున్నందుకు మీ ఇద్దరికీ ధన్యవాదాలు. కాని చర్చ అంతా 1984 చుట్టూనే తిరుగుతోంది. 1983లో వాషింగ్టన్ 283 గోల్స్ ఇచ్చుకుంది, అది లీగులో అతి తక్కువేమీ కాదు. మరి ఆ ఏడాది బహుమతిని దేని ఆధారంగా సమర్థించాలి?

నీలిగీత:

మార్పు ఆధారంగా. ఒక్క ఏడాదిలో 55 గోల్స్ తగ్గడం, 8 సీజన్లుగా ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు మొదటిసారి అక్కడికి చేరడం చిన్న విషయాలు కావు. మొదటి రౌండులోనే న్యూయార్క్ ఐలాండర్స్ చేతిలో ఓడినా, అప్పటికి వరుసగా 3 కప్పులు గెలిచి నాలుగవదాని వైపు నడుస్తున్న జట్టు అది. ఈ మార్పుకు ముఖ్య కారకుడిగా కెప్టెన్ లాంగ్‌వే కనిపించాడంటే అందులో ఆశ్చర్యం లేదు.

లెక్కల పుస్తకం:

మార్పునే కొలమానంగా తీసుకుందాం. అయితే అదే కొలమానంతో మరొకరిని కూడా కొలవాలి. 1982 ఆగస్టులో, అంటే లాంగ్‌వే కన్నా కొద్ది వారాల ముందు, మార్క్ హౌ హార్ట్‌ఫర్డ్ నుంచి ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కు వచ్చాడు. ఇతడూ అమెరికావాడే, డెట్రాయిట్‌లో పుట్టినవాడు, హాకీ దిగ్గజం గోర్డీ హౌ కుమారుడు. అంతకు ముందు సీజనులో 313 గోల్స్ ఇచ్చుకున్న ఫిలడెల్ఫియా, అతడు వచ్చిన ఏడాది 240 మాత్రమే ఇచ్చింది. తగ్గుదల 73. నీలిగీత గారు చూపిన 55 కన్నా అది ఎక్కువ, మిగిలిన సంఖ్య వాషింగ్టన్ కన్నా 43 తక్కువ. ఆ జట్టు 106 పాయింట్లతో, వాషింగ్టన్ కూడా ఉన్న డివిజనులో మొదటి స్థానంలో నిలిచింది. ఆపైన హౌ స్వయంగా 20 గోల్స్, 47 అసిస్టులతో 67 పాయింట్లు సాధించాడు. ప్లస్-మైనస్ లెక్కలో, అంటే అతడు మంచుపై ఉండగా తన జట్టు వేసిన గోల్స్ నుంచి ప్రత్యర్థి వేసినవాటిని తీసివేసే లెక్కలో, అతడిది ప్లస్ 47.

గోలు ఆపడంలోనూ, గోలు సృష్టించడంలోనూ ఒకేసారి నిలబడిన డిఫెన్స్‌మన్ ఆ ఏడాది ఇతడే. సర్వతోముఖ సామర్థ్యం అన్న నిబంధనకు 1983లో ఇంతకన్నా దగ్గరగా ఉన్న ఆటగాడిని నాకు చూపించండి. అందరూ లాంగ్‌వే బహుమతులను కాఫీ పాయింట్లతో పోల్చి వాదులాడుతుంటారు. అన్యాయం జరిగినది కాఫీకి కాదు. అతడు 1985, 1986లలో నోరిస్ గెలిచాడు, ఆ తరువాతా గెలిచాడు. 1983లో రెండవ స్థానంలో ఆగిపోయిన హౌ 1986, 1987లలో కూడా రెండవ స్థానంలోనే ఆగాడు, ఎన్నడూ గెలవలేదు.

నీలిగీత:

దీనికి సమాధానం చెప్పేముందు చాలాసేపు ఆలోచించాను. ఫిలడెల్ఫియాకు ఆ ఏడాది గోల్‌కీపర్ పెల్లే లిండ్‌బర్గ్, డిఫెన్స్‌లో బ్రాడ్ మెక్‌క్రిమ్మన్ ఉన్నారన్న మాట చెప్పవచ్చు. కాని లాంగ్‌వే వెనుక జెన్సన్, రిగ్గిన్, జార్విస్ ఉన్నారన్న మాటను నేను తోసిపుచ్చి, హౌ విషయంలో అదే మాటను పట్టుకోవడం న్యాయం కాదు. మూతపడే స్థితిలో ఉన్న జట్టు నిలబడిందన్న కథ విలేకరులను కదిలించింది, అప్పటికే బలమైన జట్టును ఇంకా బలంగా చేసినవాడి కథ వారిని అంతగా కదిలించలేదు. 1984 బహుమతి మీద నా మాటలో మార్పు లేదు. 1983 ఓటు ఇప్పుడు నా చేతిలో ఉంటే, లాంగ్‌వే మీద నాకున్న ప్రేమతో సంబంధం లేకుండా, హౌకే వేస్తాను.

సెయింట్ లారెన్స్:

ఇటీవలి కాలంలో హాకీ విలేకరుల సంఘం సీజను మధ్యలో జరిపే ఓటింగులో ఉత్తమ రక్షణాత్మక డిఫెన్స్‌మన్ అన్న విభాగానికి లాంగ్‌వే పేరే పెట్టారు. లీగు దానిని అధికారిక బహుమతిగా మార్చాలని మీరు కోరుకుంటారా?

నీలిగీత:

కోరుకోను. అటువంటి బహుమతి వస్తే నోరిస్ పూర్తిగా పాయింట్ల పోటీగా మిగిలిపోతుంది. లాంగ్‌వే పక్కన ఆడుతూ ఎదిగిన స్కాట్ స్టీవెన్స్ 1,635 ఆటలు ఆడి, 2000లో ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా నిలిచి కూడా ఒక్క నోరిస్ గెలవలేదు. అతడికి వేరే పేరుతో వేరే కప్పు ఇచ్చి ఉంటే ఆ లోటు తీరేదని నేను అనుకోను.

లెక్కల పుస్తకం:

ఈ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. పొటోమాక్ తీరం గారికి ఒక్క మాట. లాంగ్‌వే 2002లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అతడికన్నా 413 పాయింట్లు ఎక్కువ సాధించిన హౌ, 1995లో ఆట మానేసి, 2011 దాకా ఎదురుచూశాడు. ఈసారి ఫిలడెల్ఫియా వైపు వెళ్ళినప్పుడు మీ అబ్బాయికి అక్కడ పైకప్పు కింద ఉన్న 2వ నంబరు పతాకాన్ని కూడా చూపించండి.