పొలంలో సోలార్ ప్యానెళ్లు ఎత్తుకుపోకుండా ఏం చేయాలి?

మాది అనంతపురం జిల్లా. ఊరికి దూరంగా ఉన్న చీనీ తోటలో 5 హెచ్‌పీ సోలార్ పంపుసెట్ ఉంది. ఈ మధ్య పక్క పొలంలో రాత్రికి రాత్రే ప్యానెళ్లు విప్పుకుపోయారు, రాగి వైరు కూడా కోసుకుపోయారు. 13 నంబర్ స్పానర్ ఉంటే చాలు, బోల్టులు ఊడొస్తాయి. మావీ అవే. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

వెల్డింగ్ పెట్టిద్దామంటే అల్యూమినియం ఫ్రేముకు కుదరదు, వారంటీ కూడా పోతుందంటున్నారు. బిగించాక తల విరిగిపోయే షియర్ నట్లు ఎవరైనా వాడారా? తర్వాత ప్యానెల్ మార్చాల్సి వస్తే వాటిని ఎలా విప్పుతారు? సిమ్‌తో నడిచే కెమెరా పెడదామంటే ముందు దాన్నే ఎత్తుకుపోతారేమో! ఇన్సూరెన్స్ క్లెయిముకు ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, ఎఫ్‌ఐఆర్ ఉంటే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.