షుగర్‌కు కారణం అన్నమా, కొవ్వులో చేరిన కణాలా?

మొలగొలుకులు (నెల్లూరు): షుగర్ అనగానే అందరూ అన్నం మీద పడతారు. లావుగా ఉన్నవారిలో ఇన్సులిన్ పనిచేయకపోవడానికి కారణం అన్నం కాదు, కొవ్వులో చేరే రోగనిరోధక కణాలు. లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు కలిగించే ప్రోటీన్ పెరుగుతుందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుందని 1993లోనే తేలింది. దాన్ని విడుదల చేసేవి ముఖ్యంగా మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలని 2003లో తెలిసింది. బక్క ఎలుక కొవ్వులో పదో వంతు కూడా లేని ఈ కణాలు లావు ఎలుకలో సగం దాకా ఉంటాయి.

మందుల కొట్టు (కందుకూరు): ఎలుకలకు నయమైంది, సంతోషం. లావుగా ఉన్న షుగర్ రోగులకూ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా చేరిన కాంటోస్ అనే మందు పరీక్షలో, వాపును అణచే కెనకినుమాబ్ అనే మందుతో ఒంట్లోని వాపు (ఇన్‌ఫ్లమేషన్) సూచికలు తగ్గాయి. కొత్తగా షుగర్ రావడం తగ్గలేదు.

మొలగొలుకులు: వాపు తగ్గించే ఆస్పిరిన్ జాతి మందు సాల్సలేట్ సంగతి దాటేశారేం? 2013లో వచ్చిన ఫలితాల్లో, 48 వారాలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర కొలత) ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా 0.37 శాతం పాయింట్లు తక్కువగా ఉంది.

మందుల కొట్టు: 0.37! షుగర్‌కు మామూలుగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక పాయింటు దాకా తగ్గిస్తుంది. సాల్సలేట్ వాడినవారిలో చెడు కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పెరిగాయి. ఆ ముక్క రాయరేం?

మొలగొలుకులు: 0.37 సున్నా కాదు.

చీమకుర్తి రాయి: దాన్ని చెరిసగం పంచుకుని ఇళ్లకు వెళ్లండి.

సన్నజీవి (అద్దంకి): ఇద్దరూ లావు దగ్గరే ఆగారు. నన్ను చూసి షుగర్ అంటే ఎవరూ నమ్మరు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 22.3. ఒంట్లో కొవ్వు యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యడ్కిన్‌కు 9.1. మనవాళ్లను కాటా ఎక్కిస్తే చాలదు, నడుముకు టేపు పెట్టాలి.

మందుల కొట్టు: మొలగొలుకులు గారూ, ఇలాంటి రాతలు చదివే జనం మందులు మానేస్తున్నారు. మా నాన్నగారికి ఎవరో 'కొవ్వులో వాపు తీసేస్తుంది' అని ఒక పొడి అంటగట్టారు. ఆయన మెట్‌ఫార్మిన్ పక్కన పెట్టారు. చెప్పు కరిచిన చోట పుండు పడి కాలి వేలు తీసేశారు. సొంత కొట్టు నిండా మందులుండగా!

మొలగొలుకులు: ఆ పొడి అమ్మింది నేనా? మా అక్కను ఒక ఆసుపత్రిలో వరండా అంతా వినేలా 'నోరు కట్టుకోలేనిదానివి ఎందుకొచ్చావమ్మా' అన్నారు. రాత్రిపూట ఆమె తినేది ఒక్క జొన్నరొట్టె. ఆ రోజు నుంచి పరీక్షకు వెళ్లడమే మానేసింది. తప్పంతా ఆమెది కాదని ఎక్కడైనా రాసి ఉందా అని వెతికితే ఈ కణాలు కనిపించాయి.

కావలి టీచర్: ఇంతసేపటికి అసలు సంగతి బయటపడింది. అవసరానికి మించి తిన్నది కొవ్వు కణాల్లో చేరుతుంది. అవి ఉబ్బి చచ్చిపోతే మాక్రోఫేజ్‌లు చుట్టూ కిరీటంలా మూగుతాయి. అక్కడి నుంచి వెలువడే టీఎన్‌ఎఫ్ వంటివి ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడతాయి. ఇన్సులిన్ తలుపు తడుతూనే ఉంటుంది, లోపల గడియ తీసేవారుండరు. తిండి, కణాలు ఒకే వరుసలో ఉన్నాయి, ఒకటి ఉంటే ఇంకొకటి లేదని కాదు.

మందుల కొట్టు: వరుసలో మొదటిది తిండే కదా!

మొలగొలుకులు: అయితే అద్దంకి ఆయన ఏం తిన్నారని వచ్చింది? నన్ను వదిలి ఆయనకు జవాబు చెప్పండి.