మంచు గాలానికి ఇన్‌లైన్ రీల్: లాభమెంత, ఇబ్బంది ఎంత?

సన్నదారం:
గడ్డకట్టిన సరస్సుల మీద బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ వంటి చిన్న చేపల కోసం నేను ఇంతవరకు చిన్న స్పిన్నింగ్ రీలునే (గాలపు దారాన్ని, అంటే లైనును, చుట్టి ఉంచే పరికరం) వాడుతున్నాను. 1 గ్రాముకు లోపు బరువున్న టంగ్‌స్టన్ జిగ్గును (బరువు అమర్చిన చిన్న గాలపు కొక్కెం) మంచు రంధ్రంలోకి దించి ఆపగానే, అది తన చుట్టూ తాను చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. నీటి అడుగు కెమెరాలో చూస్తే, చేప ఎర దగ్గరికి వచ్చి, దాని తిరుగుడును గమనిస్తున్నట్టుగా కాసేపు నిలబడి, నోరు తెరవకుండానే వెనుదిరుగుతోంది. ఇన్‌లైన్ రీలుకు (లైను చుట్టిన చక్రమే తిరిగే రకానికి) మారితే ఈ తిరుగుడు ఆగిపోతుందని చాలామంది చెబుతున్నారు. ఇది నిజమేనా, నిజమైతే దానికి బదులుగా ఏమి వదులుకోవలసి వస్తుంది, రెండు రకాలూ వాడినవారు వివరంగా చెప్పగలరా?

పురివిప్పు:
సన్నదారం గారూ, మీరు చెప్పిన తిరుగుడుకు మూలం జిగ్గులో కాక రీలులోనే ఉంది. స్పిన్నింగ్ రీలులో స్పూల్ (లైను చుట్టి ఉండే చక్రం) కదలకుండా ఉంటుంది, దాని చుట్టూ రోటర్ తిరుగుతూ లైనును చుడుతుంది. అందువల్ల చుట్టిన ప్రతి చుట్టుకూ లైనులో ఒక పురి ఎక్కుతుంది, బెయిల్ (లైనును పట్టి ఉంచే తీగ కమ్మి) తెరిచి వదిలినప్పుడు ప్రతి చుట్టుకూ ఒక పురి విడుతుంది. స్పూల్ వ్యాసం 4 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో చుట్టు సుమారు 12.5 సెంటీమీటర్లు, అంటే 10 మీటర్ల లైనుకు దాదాపు 80 పురులు. చివరన ఉన్న బరువు తిరగకుండా ఉంటే ఎక్కినవీ విడినవీ సరిపోతాయి, కానీ మంచు గాలంలో జిగ్గు నిట్టనిలువుగా, ఏ ఆధారమూ లేకుండా వేలాడుతుంది కనుక లైనులోని పురి దాన్ని తిప్పుతూ విడిపోతుంది. మళ్లీ పైకి చుట్టినప్పుడు కొత్త పురి ఎక్కుతుంది, మళ్లీ దించినప్పుడు తిరుగుడు మొదలవుతుంది.

ఇన్‌లైన్ రీలులో స్పూలే తిరుగుతుంది, లైను దాని మీదినుంచి తిన్నగా రాడ్ కొస వైపుకు వస్తుంది కాబట్టి రీలు వల్ల పురి ఎక్కే అవకాశమే లేదు. అసలు కదలని స్పూల్ అనే ఆలోచన పుట్టిందే దూరానికి విసరడం కోసం. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అటువంటి రీలుకు 1905లో పేటెంట్ తీసుకున్నది తేలికైన ఎరను సులువుగా విసరడానికే. మన కాళ్ల దగ్గర ఉన్న రంధ్రంలోకి లైనును నేరుగా దించేటప్పుడు ఆ సౌలభ్యం మనకు ఎందుకూ పనికిరాదు, దానితో వచ్చే పురి మాత్రం మనకు మిగులుతుంది. చలినీటిలో మందకొడిగా ఉన్న బ్లూగిల్ విషయంలో ఈ తేడా చాలా పెద్దదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లోతునీళ్లు:
పురివిప్పు గారి వివరణతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, అయితే అది తక్కువ లోతులో తేలికైన ఎరకు మాత్రమే వర్తిస్తుందని కొత్తవారు గుర్తించాలి. నేను ఎక్కువగా 25, 30 మీటర్ల లోతులో లేక్ ట్రౌట్ కోసం బరువైన స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) వేస్తాను, అక్కడ ఇన్‌లైన్ రీలు నాకు అనుకూలంగా లేదు. సుమారు 6 సెంటీమీటర్ల వ్యాసం మేర లైను నిండిన ఇన్‌లైన్ స్పూల్ ఒక చుట్టుకు 19 సెంటీమీటర్లు తీసుకుంటుంది. గేర్ నిష్పత్తి 2.7:1 (పిడి ఒక తిప్పుకు స్పూల్ 2.7 చుట్లు) అయితే పిడి ఒకసారి తిప్పినప్పుడు అర మీటరు పైచిలుకు లైను వస్తుంది. మామూలు చిన్న స్పిన్నింగ్ రీలు 5:1 నిష్పత్తితో 60 సెంటీమీటర్లకు మించి తెస్తుంది. వినడానికి ఇది చిన్న తేడాగానే ఉంటుంది, కానీ లోతులో లైను బయటికి పోయేకొద్దీ ఇన్‌లైన్ స్పూల్ వ్యాసం తగ్గుతుంది, వేగం ఇంకా పడిపోతుంది. గేర్లే లేని, ఫ్లై రీలు తరహా 1:1 రకమైతే 30 మీటర్లకు 150కి పైగా చుట్లు తిప్పవలసి ఉంటుంది.

లేక్ ట్రౌట్ అనేకసార్లు ఎరను పైకి తరుముతూ వస్తుంది. సోనార్ (శబ్ద తరంగాలతో నీటిలోని చేపను చూపే పరికరం) తెర మీద దాని గీత లేవగానే ఎరను వేగంగా పైకి లాగితేనే అది వెంటపడి పట్టుకుంటుంది. గాలానికి తగిలిన తరువాత కూడా అది నేరుగా మన వైపుకు ఈదితే, లైను వదులు కాకముందే చుట్టుకోగలగాలి. ఈ రెండు సందర్భాల్లోనూ నెమ్మది రీలు చేపను పోగొడుతుంది. పైగా 10 గ్రాములకు మించిన స్పూన్ కింద ఉన్నప్పుడు పురి వల్ల కలిగే తిరుగుడును ఆ చేప పట్టించుకోదు.

సన్నదారం:
లోతునీళ్లు గారూ, ధన్యవాదాలు. నేను వెళ్లే చోట లోతు 3 నుంచి 6 మీటర్లే, అక్కడ చుట్టే వేగం నాకు సమస్య కాదు. ఇంకొక సందేహం ఉంది. లైనుకు చిన్న స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే లోహపు కొలికి) కట్టి, దాని కింద ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకు ముందుండే దారం ముక్క) వేస్తే స్పిన్నింగ్ రీలుతోనే ఈ సమస్య తీరదా? అలా తీరితే కొత్త రీలు కొనవలసిన పని ఉండదు.

పురివిప్పు:
బరువైన ఎరకు తీరుతుంది, మీరు వాడే జిగ్గుకు పూర్తిగా తీరదు. స్వివెల్ లోపలి భాగాలు తిరగాలంటే దాని మీద కొంత బిగువు ఉండాలి, అర గ్రాము జిగ్గు ఆ బిగువును ఇవ్వలేదు. అదీకాక మంచు రాడ్ పొడవు 60, 70 సెంటీమీటర్లే కనుక లీడర్ అంతకన్నా పొడవైతే, చేపను రంధ్రం దగ్గరికి తెచ్చే సమయానికి స్వివెల్ రాడ్ కొసకు తగిలి ఆగిపోతుంది.

ఉన్న స్పిన్నింగ్ రీలుతోనే కొనసాగాలంటే మాత్రం కొన్ని అలవాట్లు బాగా ఉపయోగపడతాయి. ఎరను దించేటప్పుడు ఎప్పుడూ బెయిల్ తెరిచే దించండి. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైనును జారనిచ్చే బిగువు అమరిక) మీదుగా లైనును చేతితో లాగి దించితే స్పూల్ తిరుగుతుంది తప్ప ఎక్కిన పురి విడదు, తిరిగి చుట్టినప్పుడు కొత్త పురి దానికి తోడవుతుంది. చేప లైనును లాక్కుపోతూ డ్రాగ్ జారుతున్నంతసేపూ పిడి తిప్పకండి, 5:1 రీలులో ఆ సమయంలో తిప్పిన ఒక్కో తిప్పుకూ 5 పురులు వృథాగా లైనులో చేరతాయి. చలికాలంలో లైను పాడైందని చాలామంది అనుకునే సందర్భాల్లో కారణం ఇదే.

ఉత్తరపుగాలి:
చలి గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక నేను చెబుతాను. రీలు ఎంపికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంశం అదే.

ఇన్‌లైన్ రీలులో బెయిల్ లేదు, లైను దొర్లే చిన్న రోలర్ లేదు. స్పిన్నింగ్ రీలులో మొదట గడ్డకట్టేవి ఈ రెండే. రోలర్ బిగుసుకుపోతే లైను దాని మీద రాసుకుంటూ అరిగిపోతుంది, ఆ సంగతి పెద్ద చేప తగిలి లైను తెగేవరకు తెలియదు. ఆ మేరకు ఇన్‌లైన్ రీలు నిర్మాణం చలికి బాగా సరిపోతుంది. అయితే దాని స్పూల్ బాగా తెరిచి ఉంటుంది, లైనుతో పాటు వచ్చే నీరు అక్కడే పేరుకొని చుట్లను ఒకదానికొకటి అతికిస్తుంది. వెచ్చని గుడారంలో నుంచి తడి రీలును బయటి చలిలోకి తీసుకుపోయినప్పుడు ఇది చాలా త్వరగా జరుగుతుంది. అల్లిక లైను నీటిని పీల్చుకుంటుంది కాబట్టి దానితో ఇబ్బంది మరింత ఎక్కువ. నేను చలిగాలిలో మోనో (ఒకే పోగు) లైనునే వాడుతున్నాను.

మరొక సంగతి, కర్మాగారంలో పెట్టిన గ్రీజు గడ్డకట్టే చలిలో చిక్కబడుతుంది. స్పూల్ బేరింగులో అలా జరిగితే తేలికైన జిగ్గు తన బరువుతో స్పూలును తిప్పలేదు. పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగులో అలా జరిగితే లోపలి రోలర్లు పట్టు కోల్పోయి, చేప లాగినప్పుడు పిడి వెనక్కి గిర్రున తిరుగుతుంది. ఈ రెండో ఇబ్బంది రెండు రకాల రీళ్లలోనూ ఉంది. కాలం మొదలయ్యేముందే బేరింగుల్లోని గ్రీజును శుభ్రంగా తుడిచి, అతిశీతల వాతావరణానికి తగిన పలుచని నూనెను ఒకటి రెండు చుక్కలు మాత్రమే వేయడం మేలు.

నిలువుజిగ్గు:
ఎర దిగే వేగం గురించి ఉత్తరపుగాలి గారు అన్న మాటకు కొంత జోడిస్తాను. ఇన్‌లైన్ రీళ్ల మీద నాకున్న ప్రధానమైన అసంతృప్తి ఇదే. స్పిన్నింగ్ రీలులో బెయిల్ తెరవగానే లైను దానంతట అదే జారుతుంది, ఇన్‌లైన్ రీలులో స్పూలును కదిలించే పని కూడా జిగ్గే చేయాలి. సోనార్‌లో చేపల గుంపు కనబడి, అది కదిలిపోయేలోగా ఎరను దానికి అందించాలనుకున్నప్పుడు ఈ ఆలస్యం బాధిస్తుంది. వేలితో నొక్కితే స్పూలును గేర్ల నుంచి విడిపించే మీట ఉన్న నమూనాలు ఈ విషయంలో చాలా మెరుగైనవి, వాటిలో స్పూల్ బిగువును సవరించే మరను ఎర బరువుకు తగినట్టు పెట్టుకోవచ్చు. మర మరీ వదులుగా ఉండి ఎర అడుగును తాకినా స్పూల్ ఆగకపోతే, లైను కాకిగూడులా చిక్కుపడుతుంది. అందుకే బొటనవేలిని స్పూల్ అంచు మీద తేలికగా ఆనించి ఉంచడం అలవాటు చేసుకోవాలి.

సీసపు జిగ్గుల కన్నా టంగ్‌స్టన్ జిగ్గులు ఇక్కడ నిజంగా ఆదుకుంటాయి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే, టంగ్‌స్టన్‌ది 19.3 గ్రాములు. అదే పరిమాణంలో బరువు ఎక్కువ కనుక అది స్పూలును సులువుగా తిప్పుతుంది, లైనును కూడా తిన్నగా నిలబెడుతుంది.

పెర్చ్‌ప్రియ:
లైను తిన్నగా నిలబడటం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే పురి కన్నా నాకు ఇదే ఎక్కువ మేలు చేసింది. చిన్న స్పిన్నింగ్ స్పూల్ మీద నెలల తరబడి ఉన్న మోనో లైనుకు చుట్ట రూపమే అంటుకుపోతుంది, చలిలో ఆ బిరుసు మరింత పెరుగుతుంది. రాడ్ కొస నుంచి నీటి వరకు లైను స్ప్రింగులా వంకరలు తిరిగి ఉంటే, క్రాపీ ఎరను నోట్లోకి తీసుకొని కొద్దిగా పైకి లేచినప్పుడు కలిగే ఆ సన్నని కదలిక వంకరల్లోనే కలిసిపోయి మన కంటికి ఆనదు. ఇన్‌లైన్ స్పూల్ వ్యాసం పెద్దది కాబట్టి చుట్టలు పెద్దవిగా, వదులుగా ఉంటాయి, లైను త్వరగా సాగి నిటారుగా నిలుస్తుంది. 2 పౌండ్ల బరువు తట్టుకునే లైనుతో కళ్లతో చూసి చేపను పట్టేవారికి ఇంతకన్నా గొప్ప ఉపకారం లేదు.

అయితే అంత సన్నని లైను వాడేవారు కొనేముందు ఒకటి తప్పక పరీక్షించాలి. కొన్ని చవక నమూనాల్లో స్పూలుకూ చట్రానికీ మధ్య సందు ఎక్కువగా ఉంటుంది. లైను కాస్త వదులైతే ఆ సందులోకి దూరి ఇరుసు చుట్టూ చుట్టుకుపోతుంది, బయటికి తీసేసరికి గీతలు పడి బలం కోల్పోతుంది. లైను ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి ఆ సందులో పెట్టి చూడండి, లోపలికి దూరితే ఆ రీలును వదిలేయండి.

సన్నదారం:
నా మనసు ఇన్‌లైన్ వైపే మొగ్గుతోంది. ప్రస్తుత రాడ్ మీదనే దాన్ని బిగించవచ్చా? లైను ఎక్కించేటప్పుడు ప్రత్యేకంగా పాటించవలసినది ఏమైనా ఉందా?

పురివిప్పు:
రెండూ మంచి ప్రశ్నలు. స్పిన్నింగ్ రాడ్ మొదటి వలయం పెద్దదిగా, కర్రకు దూరంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ లైను పెద్ద చుట్టలుగా వస్తుంది. ఇన్‌లైన్ రీలు నుంచి లైను ఒకే గీతలో, కర్రకు దగ్గరగా వస్తుంది కనుక చిన్న వలయాలున్న రాడ్ దానికి అనువైనది. పాత రాడ్ మీద పెట్టినా పని జరుగుతుంది, కానీ మొదటి వలయం దగ్గర లైను అనవసరంగా వంగి రాపిడి పెరుగుతుంది, తేలికైన జిగ్గు దిగేటప్పుడు ఆ రాపిడి లెక్కలోకి వస్తుంది. ముందుగా ఉన్న రాడ్ మీదనే ప్రయత్నించి, తరువాత నిర్ణయించుకోవచ్చు.

లైను ఎక్కించడంలో మాత్రం జాగ్రత్త అవసరం. కొత్త లైను ఉండను ఒక పెన్సిల్‌కు గుచ్చి, అది తిరిగేలా పట్టుకొని, ఉండ మీద ఉన్న వంపు దిశలోనే రీలు మీదికి చుట్టాలి. ఉండను నేల మీద పడుకోబెట్టి పక్కనుంచి లైను లాగితే ప్రతి చుట్టుకూ పురి ఎక్కుతుంది, ఇన్‌లైన్ రీలుకు ఆ పురిని విప్పే మార్గమే లేదు. ఆపై ఎంత దించినా జిగ్గు తిరుగుతూనే ఉంటుంది, నింద రీలు మీద పడుతుంది. స్పూల్ లోతుగా ఉంటే కింద పాత లైనును నింపి, దాని మీద కొత్తది 30, 40 మీటర్లు చుడితే చాలు. పైకి లాగేటప్పుడు గిరగిరా తిరిగే స్పూన్లు, గాలం మీద తిరుగుతూ వచ్చే చేపలు ఏ రీలు మీదనైనా పురి ఎక్కిస్తాయి. అందుకని అప్పుడప్పుడు జిగ్గును కోసేసి, లైనును రంధ్రంలో ఒంటరిగా వేలాడదీసి పురి విడనివ్వండి.

లోతునీళ్లు:
కొనేముందు పిడి ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. స్పిన్నింగ్ రీలు పిడిని ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు, చాలా ఇన్‌లైన్ రీళ్లలో ఆ వీలు లేదు, కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి వేరుగా అమ్ముతారు. మీరు రాడ్‌ను ఏ చేత్తో ఆడిస్తారో దానికి ఎదురు చేతి వైపు పిడి ఉన్నదే తీసుకోండి. డ్రాగ్‌ను కూడా కొనే చోటే పరీక్షించండి. లైను కొసను పట్టుకొని నెమ్మదిగా లాగినప్పుడు స్పూల్ కుదుపులు లేకుండా కదలడం మొదలుపెట్టాలి. 2 పౌండ్ల లైను తెగేది ఎక్కువగా ఆ మొదటి కుదుపులోనే. ఆ పరీక్షలో నెగ్గిన ఇన్‌లైన్ రీలును చిన్న చేపలకు ఉంచుకొని, స్పిన్నింగ్ రీలును అమ్మకుండా వాలై చేపల కోసం స్పూన్లు వేసే రెండో రాడ్ మీద ఉంచండి.

సన్నదారం:
అలాగే చేస్తాను. సందు, డ్రాగ్, పిడి వైపు, ఈ మూడూ చూసి, మీట ఉన్న నమూనానే తీసుకుంటాను. పాత రాడ్ మీద మొదటి వలయం దగ్గర రాపిడి ఎంత ఉందో, అర గ్రాము జిగ్గు 5 మీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతోందో గమనించి, ఈ చర్చలోనే రాస్తాను.